పట్టాల మీద పెట్టిన మేకు

జులై 9, 1998, గురువారం. ఐదో తరగతి హాజరు: కంసాలి ఇంటి కవలలు, గొర్రెలాయన చిన్నకొడుకు, చర్చి పక్కింటి అక్కాచెల్లెళ్లు, అవ్వ దగ్గర పెరిగే అమ్మాయి. గైర్హాజరు ఎవరూ లేరు. పాఠం: అయస్కాంతాలు. గాలి ఎక్కువ.

నా పాత డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. పోయిన వారం మోకాలి నొప్పికి స్కానింగు తీయించాలని మా పెద్దమ్మాయి నన్ను తీసుకుపోయినప్పుడు, అక్కడి కుర్రవాడు ఉంగరం, గడియారం, చివరికి మొలతాడుకున్న పిన్నీసు కూడా తీయించి, లోపల ఉన్నది పెద్ద అయస్కాంతమనీ, ఒంట్లో ఎక్కడైనా ఇనుపముక్క ఉంటే ముందే చెప్పమనీ అడిగాడు. లేదన్నాను. ఆ గొట్టంలో కదలకుండా పడుకున్నంతసేపూ నేను సరైన జవాబు చెప్పలేదేమో అనిపిస్తూనే ఉంది. ఇంటికి రాగానే అటక మీదినుంచి ఈ డైరీ దింపించుకున్నాను.

అప్పట్లో నేను పెనుకొండ దాటాక, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. కాపురం హిందూపురంలో. పొద్దున ధర్మవరం పోయే పాసింజరెక్కి పెనుకొండలో దిగి, స్టేషను దగ్గర ఉంచుకున్న సైకిలు మీద బడికి పోయేవాణ్ణి. ఆ బండిలో పట్టుగూళ్ల సంతకు వచ్చి తిరిగిపోయేవాళ్ల ఖాళీ గంపల వాసన, ధర్మవరం మగ్గాలకు జరీ తీసుకుపోయేవాళ్ల కబుర్లు, కిటికీ దగ్గర చోటు కోసం రోజూ జరిగే చిన్న తగాదా, అన్నీ నాకు అలవాటైపోయాయి. బ్రేకు పడినప్పుడల్లా అందరం ఒక్కసారిగా ముందుకు ఒరిగేవాళ్లం. జడత్వమంటే అదేనని పిల్లలకు చెబితే వాళ్లు మర్యాదకు తలూపేవారు, ఎందుకంటే వాళ్లలో రైలెక్కినవాళ్లు దాదాపు లేరు. వాళ్లకు రైలంటే దూరంనుంచి చెయ్యి ఊపవలసిన వస్తువు.

మా బడికి ప్రభుత్వం వారిచ్చిన సైన్సు పెట్టె ఒకటి ఉండేది. ఆకుపచ్చ రేకుపెట్టె. కప్పీ, స్ప్రింగు త్రాసు, గాజు పట్టకం, నాలుగు దండాయస్కాంతాలు. అది వచ్చిన రోజే ప్రతి వస్తువునూ స్టాకు రిజిస్టరులో ఎక్కించి, అయస్కాంతాల ఎర్ర చివరలన్నీ ఒకవైపుకు వచ్చేలా వరుసగా పేర్చాను. అలా పెడితే అవి ఒకదాన్నొకటి తోసుకుని పక్కకు జరిగేవి. నాకు వంకరగా ఉండేది ఏదీ నచ్చదు. నాలుగింటినీ కలిపి దారంతో గట్టిగా బిగించి, గుడ్డలో చుట్టి, తాళం వేశాను. నాకు ముందున్న ప్రధానోపాధ్యాయుడు ఒక గ్లోబు పగిలిన పాపానికి పెన్షను కాగితాలు కదలక ఆఫీసుల చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను. అందుకే ఆ తాళం మళ్లీ తీయలేదు. అయస్కాంతం పాఠాన్ని ఏటేటా నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ వేసే చెప్పాను. బొమ్మ మాత్రం చాలా చక్కగా వచ్చేది.

ఆ గురువారం కూడా అంతే. బొమ్మ పూర్తయ్యాక, అవ్వ దగ్గర పెరిగే అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, పట్టాల మీద మేకు పెడితే, దాని మీద రైలు పోతే, అది అయస్కాంతం అయితాదంట. నిజమేనా?"

"నీ తలకాయ అయితాది!" అన్నాడు కవలల్లో పెద్దవాడు.

ఆ పిల్ల వాణ్ణి పట్టించుకోలేదు. "పోనీ మన పెట్టెలో ఉండేదన్నా సూపీండి సార్."

పెట్టె ప్రభుత్వానిదనీ, ఏదైనా పోతే జవాబు చెప్పుకోవలసింది నేననీ అన్నాను. మేకు సంగతికి మాత్రం, సైన్సంటే ఒకరు చెబితే నమ్మేది కాదమ్మా, చేసి చూసేది అన్నాను. మండలం మీటింగులో విన్న మాట అది, నాకు బాగా నచ్చింది, ఎక్కడ వీలు దొరికినా వాడేవాణ్ణి. ఆ పిల్ల తలూపింది. మర్యాదకు ఊపే ఊపు కాదది. నేను చూశాను, చూసి పాఠంలో తర్వాతి పేజీకి వెళ్లాను.

సాయంత్రం బడి వదిలాక, నేను తలుపులు మూస్తుంటే, రైల్వే గ్యాంగ్‌మన్ ఆ పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. కనుబొమ మీద తువ్వాలు అదిమి పట్టాడు, అది తడిసిపోయి ఉంది. గూడ్సు బండి చక్రం కిందపడిన మేకు రాయిలా ఎగిరి వచ్చి తగిలిందట. గాయం వేలెడు కిందికి జరిగి ఉంటే కన్నే.

"ఏమయ్యోరా, బడిడిసినాక పిల్లోళ్లు యాడికి పోతాండారో సూసుకోరా? కన్ను పోయింటే ఎవురు తెచ్చిస్తురు?" అని నన్నూ, "ఎవురు సెప్పినారే నీకు ఈ తెలివి?" అని దాన్నీ గద్దించాడు.

ఆ పిల్ల ఒక్కసారి నావైపు చూసి తలవంచుకుంది. నేను టించరు సీసా మూత తిప్పుతూ నిలబడ్డాను. ఇంతలో ఆమె అవ్వ చేని నుంచి మట్టిచేతులతోనే పరుగెత్తుకొచ్చి, చూసి, ఏడ్చి, మనవరాలి వీపు మీద ఒకటేసి, రేపట్నుంచి బడీ లేదు గిడీ లేదు, శెనిక్కాయ ఇత్తనమేసేకి నా యెంబడి రావల్సిందే అని తేల్చేసింది. అప్పుడైనా నేను ఒక మాట చెప్పి ఉండవచ్చు. పెనుకొండ ఆసుపత్రిలో సూదిమందు వేయించమని మాత్రం చెప్పి, నా బండికి వేళయిందని సైకిలెక్కాను.

తిరుగు పాసింజరు అవే పట్టాల మీద నన్ను హిందూపురం చేర్చింది. డైరీలో ఆ పూట రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: బాలికకు స్వల్ప గాయం, ప్రథమ చికిత్స చేయడమైనది. చేసి చూడమన్న నా మాట సంగతి అందులో లేదు.

ఇప్పుడక్కడ రెండో లైను పడింది. పట్టాల దగ్గరికి పిల్లలు అంత సులువుగా పోలేరు, పోవలసిన అవసరమూ లేదు, అయస్కాంతాలు ఆటబొమ్మల్లోనే వస్తున్నాయి, అనుమానం వస్తే ఫోనులో చూసుకుంటున్నారు. మంచిదే. కానీ ఒక సందేహం తీర్చుకోవడానికి ఇంట్లో మేకు వెతుక్కుని, చేతిలో దాచుకుని, రైలు కోసం ఎదురుచూసే పిల్లలు ఇప్పుడు నాకు కనబడడం లేదు. వాళ్లు కనబడిన రోజుల్లో నా దగ్గర తాళంచెవి ఉంది.

ఆ గురువారానికి మర్నాడు పొద్దున బడి గంట కొట్టకముందే చేరుకున్నాను. అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. పక్కన నుదుట కట్టుతో మనవరాలు, దాని పిడికిట్లో రేకులా చదునైన మేకు.

"ఏమయ్యోరా, సేసి సూడమన్నది నువ్వేనంట?" అంది అవ్వ. "రాత్రి నా సూదుల డబ్బీ అంతా కుమ్మరించి ఈ మేకుతో అంటిస్తా కూకుండాది. అంటుకోలేదు. గూడ్సుకు వేగం సాల్లేదంట, ఎక్స్‌ప్రెస్సు కావాలంట! సేనికి తోడుకపోయినా నా కన్నుగప్పి ఇది మల్లా ఆడికే పోతాది. నీ అయస్కాంతమేందో దీనికి సూపియ్యి. సూపిచ్చినాకనే నేను లేసేది."

తప్పు నాదేనమ్మా అన్నాను.

"ఆ సంగతి నాకు తెల్సులే. పెట్టె తెరువు."

తాళం తుప్పుపట్టి చాలాసేపు సతాయించింది. గుడ్డ విప్పి, దారం కోశాను. కట్టకపోతే ఒకచోట నిలవని అయస్కాంతాలు ఇప్పుడు దారం తెగినా కదలలేదు. గుండుసూదుల కుప్పలో ఒకదాన్ని పెట్టి ఎత్తాను. ఒక్క సూది వేలాడి, అదీ జారిపడింది. ఒకే రకం ధ్రువాలు పక్కపక్కన ఉంచితే బలం పోతుందని పెట్టె అడుగున ఉన్న కాగితంలో అచ్చేసి ఉంది. ఆ కాగితాన్ని కూడా నేనే మడత నలగకుండా దాచాను.

ఆ పిల్ల ఒక చేత్తో నా అయస్కాంతాన్నీ, ఇంకో చేత్తో తన మేకునూ పట్టుకుని మార్చి మార్చి చూసింది.

"ఇది గూడా పట్టాల మీద పెట్టిందేనా సార్?"

అప్పటికి చేరిన పిల్లలంతా పగలబడి నవ్వారు. కవలల్లో చిన్నవాడు ఇంటికి పరుగెత్తి, చెడిపోయిన రేడియో స్పీకరు తెచ్చాడు. దాని వెనకనున్న నల్లటి బిళ్లకు మేకు టప్పున అతుక్కుంది. ఊడదీసి, బిళ్ల మీద ఒకే దిక్కుగా రుద్దమన్నాను. ఆ పిల్ల చాలాసేపు రుద్ది, సూదుల దగ్గర పెట్టింది. ఒక సూది లేచింది, దాని తోకకు ఇంకొకటి.

అవ్వ వంగి చూసింది. "అయితే రైలక్కర్లేదు గదా?"

"అక్కర్లేదవ్వా," అంది మనవరాలు, సూదుల మీదినుంచి చూపు తిప్పకుండానే.

అవ్వ కొంగు దులుపుకుని చేని దారి పట్టింది, ఒక్కతే.

జులై 10, శుక్రవారం. ఐదో తరగతి హాజరు: అందరూ.