సీలు తీయని కాట్రిజ్

పాతకాలం కాట్రిజ్‌లు దొరికితే కొనొచ్చా అని ఈమధ్య మా అన్న కొడుకు అడిగాడు. రికార్డులు వినే పిచ్చి వాడికి కొత్తగా పట్టింది. వద్దంటే వద్దని అరిచినంత పని చేశాను. వాడు నవ్వాడు. నవ్వనీ, వాడికేం తెలుసు?

అమ్మ గొంతు నాకు గుర్తు లేదు. నాకింకా మాటలు సరిగా రాని వయసులో ఆమె వరంగల్ దవాఖానలో పోయింది. అంతకు ముందు ఏడాది మా చర్చి పాటల బృందాన్ని హైదరాబాదు తీసుకెళ్ళి ఒక చిన్న రికార్డు చేయించారు. అందులోని కీర్తనలో మూడో చరణం అమ్మ ఒక్కతే పాడింది. దాని కాపీలు తీసుకున్నవాళ్ళ ఇళ్ళలో కొన్ని విరిగాయి, కొన్ని అరిగాయి. చివరికి మా ఇంట్లోది ఒక్కటే మిగిలింది. బాపు దాన్ని ఏడాదికి ఒక్కసారి, అమ్మ జ్ఞాపకార్థ కూడిక రోజున మాత్రమే పెట్టేవాడు. పాస్టరయ్య ప్రార్థన అయ్యాక అందరూ చాపల మీద కూర్చుని వినేవారు. మూడో చరణం వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి ముల్లు వైపే చూసేదాన్ని. గీత పడితే? ఎవరైనా తగిలి పడేస్తే? అమ్మ రెండోసారి పోతుందేమోనని నా భయం.

ఎనభైల మధ్యలో ఒక ఏడు, కూడికకు ముందు పెట్టి చూస్తే పాట ముక్కుతో గొణిగినట్టు వచ్చింది. ముల్లు మార్చినా అంతే. "కాట్రిజ్ పోయింది" అని తేల్చాడు అన్న. ముల్లును పట్టుకుని, దాని వణుకును పాటగా మార్చే గోరంత డబ్బీ అది. అన్న ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టి మా ఇంట్లో బల్బు వెలగాలన్నా అతని మాటే చెల్లేది. ఇద్దరం స్టేషన్ రోడ్డులో ఒక రేడియో షాపుకు వెళ్ళాం. మా ప్లేయర్‌కు సరిపోయేవి రావడం ఆగిపోయిందని చెప్పి, షాపాయన అటక మీదినుంచి ఒక డబ్బా తీసి దుమ్ము ఊదాడు.

"లాస్ట్ పీసు తమ్మీ. ఫారిన్ మాల్. సీలు గూడ తియ్యలే చూడు."

"ఎన్నేండ్ల సంది ఉన్నదన్నా ఇది?" అని నేను అడిగాను.

"ఉంటే ఏమైతదమ్మా? వాడితే గదా అరిగేది! ఏం ఫికర్ చెయ్యకు."

మాకూ అది నిజమేననిపించింది. వాడకుండా దాచుకున్నది పాడవదని నమ్మే ఇల్లు మాది. పట్టుచీరలు, చుట్టాలకోసం ఉంచిన స్టీలు గ్లాసులు, అమ్మ పాట, అన్నీ అలాగే దాచాం. కాట్రిజ్ లోపల ముల్లును కదలనిచ్చే రబ్బరు ఊరికే ఉన్నా గట్టిపడిపోతుందని అప్పుడు మాకు తోచలేదు. సీలు చూసి మురిసిపోయి కొనేవాళ్ళంటే అందుకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అన్న ఉపాయం చెప్పాడు. పక్కింటివాళ్ళ టేప్ రికార్డర్ తెచ్చి, పాటను ఒక్కసారి క్యాసెట్‌లోకి ఎక్కిస్తే ఇక బెంగ ఉండదు. ముందు ఒక సినిమా పాటల రికార్డు మీద పరీక్ష చేశాం. ముల్లు గంతులు వేసింది. అన్న జేబులోంచి పావలా బిళ్ళ తీసి ముల్లును మోసే కడ్డీ మీద పెట్టాడు. ప్లేయర్ ఉన్న ప్రతి ఇంట్లో ఆ రోజుల్లో చేసే పనే అది. గంతులు ఆగి పాట ఖంగుమని వచ్చింది. బాపు ముఖం వెలిగింది. నేను మాత్రం అన్న చేయి పట్టుకున్నాను.

"వద్దన్నా. ఇంకోటి దొరికేదాక ఆగుదం."

"నీకు నీ నీడను చూసినా బుగులే" అన్నాడు అన్న.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, తలుపులు మూసి, ఎండాకాలమైనా ఫ్యాను ఆపేశాం. టేప్ రికార్డర్‌ను స్పీకర్ ముందు పెట్టాం. గదిలో ఏ చప్పుడైనా పాటతోపాటు అందులోకి ఎక్కుతుంది. దగ్గినా తుమ్మినా ఊరుకోనని అన్న బెదిరించాడు.

మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో ముల్లు ముందు నల్లటి నూగు కనిపించింది. దుమ్మనుకున్నాను. అది పెరుగుతూ వెంట్రుకలా చుట్టుకోసాగింది. ముల్లు రికార్డును చెక్కేస్తోంది! అరిస్తే క్యాసెట్ పోతుంది, అరవకపోతే రికార్డు పోతుంది. అన్న కూడా చూశాడు. బిళ్ళ వైపు వెళ్ళిన అతని చేయి మధ్యలోనే ఆగిపోయింది. బిళ్ళ తీస్తే ముల్లు ఎగిరి ఎక్కడ పడుతుందో! అంత ధైర్యస్థుడే ఆగిపోవడం చూసి నాకు ఇంకా భయమేసింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

మూడో చరణం మొదలైంది. అమ్మ పాడుతూ ఉంది, నూగు రాలుతూ ఉంది. అప్పుడు బాపు, మేమెవరమూ గదిలో లేనట్టు, తిరుగుతున్న రికార్డు మీదికి వంగి మెల్లగా అన్నాడు.

"జర ఓర్సుకో. నేనీడనే ఉన్న."

ఆ రికార్డు మళ్ళీ ఎప్పుడూ ఆ చరణం పలకలేదు. అక్కడికి వచ్చేసరికి గరగరమనేది. క్యాసెట్ మాత్రం దక్కింది. అమ్మ పాట మీద బాపు మాట స్పష్టంగా వినిపిస్తుంది. ఆ కూడికలో క్యాసెట్టే పెట్టాం. అందరూ వెళ్ళిపోయాక, ఆ మాట ఎందుకన్నావని బాపును అడిగాను. చుట్టిన చాపలను గోడకు ఆనించాడు.

"దవాఖానల మీ అమ్మతోని గూడ గదే అన్న, బిడ్డా" అన్నాడు. "అని, చాయ్ తాగొస్తనని బయటికి పోయిన. మల్ల వచ్చేవరకు లేదు."