సైకిలు దిగిన సంవత్సరం

కంటి డాక్టరు నా తలను ఒక తెల్లటి డొప్పలాంటి యంత్రానికి ఆనించి, చేతికి ఒక బొత్తాం ఇచ్చింది. వెలుగు చుక్క కనబడినప్పుడల్లా నొక్కమంది. నేను చాలాసేపు ఏమీ నొక్కలేదు. యంత్రం ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. తర్వాత ఆమె చూపించిన కాగితంలో నడుమ చిన్న బిళ్లంత మేర తెల్లగా ఉంది, చుట్టూ అంతా నలుపే. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కన ఉన్నది కనబడదు. ఆ తెలుపు కూడా ఏటేటా తగ్గుతుంది. ఆపే మందు లేదు.

"ఇక బండి నడపకండి," అంది.

"నాకు బండి లేదు డాక్టర్. సైకిలే."

"సైకిలు కూడా వద్దు."

ఇంటికి వచ్చి మా ఆయనతో "సాయంత్రం పూట కాస్త తక్కువ కనబడుతుందట" అని మాత్రం చెప్పాను.

మాది యానాం. ఉద్యోగరీత్యా పాండిచ్చేరి వచ్చి, నటేశన్ నగర్‌లో అద్దెకు దిగి ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఊళ్లో నాకంటూ దొరికిన సంతోషం పాత సైకిళ్లే. మొదటిది ముత్తియాల్‌పేటలో ఒక ముసలాయన సైకిలు షాపులో దొరికింది. ఎవరో టీచరమ్మ వాడి వదిలేసిన లేడీస్ సైకిలు. ఆకుపచ్చ రంగు, రాడ్ బ్రేకులు, గొలుసు మొత్తాన్ని మూసేసే రేకు డబ్బా, స్ప్రింగుల మీద తోలు సీటు. తుప్పు గీకి, తోలుకు నూనె పట్టించి, ఆయన దగ్గరే కూర్చుని ఒక్కో భాగం విప్పడం, బిగించడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇంకో రెండు చేరాయి. వాటిలో ఒకటి మగవాళ్ల సైకిలు. తెల్లవారుజామున, బీచ్ రోడ్డులోకి వాహనాలు వదలకముందే ఒక చుట్టు తిరిగి వస్తే, ఆ రోజు ఆఫీసులో ఎవరేమన్నా నన్ను తాకేది కాదు.

ఆ చుట్టు మానేయమంటోంది డాక్టరు. నేను మానలేదు. ఎదుటిది కనబడుతోంది కదా, మెల్లగా తొక్కుతాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పిక్కల నిండా కమిలిన మచ్చలు, మోచెయ్యి తగిలి పడిన గ్లాసులు, పక్క నుంచి పలకరించినా పలకలేదని ఆఫీసులో అలిగినవాళ్లు. అన్నిటికీ ఏదో ఒక సమాధానం చెప్పేదాన్ని.

మార్గశిరం మొదట్లో ఒక ఉదయం మా వీధి మలుపు తిరిగాను. ముందు చక్రం మెత్తగా దేనికో తగిలింది. ఆ వెంటనే ఒక కేక. పక్కింటి అత్త కింద పడి ఉంది. మేము అత్తా అని పిలిచే ఆ పెద్దావిడది ఎన్నో తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. మాట్లాడేది తెలుగే అయినా చదవడం రాదు. అప్పటిదాకా గేటు ముందు గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తోంది. చేతిలోని పిండి గిన్నె రోడ్డు మీద దొర్లింది. కుడి మణికట్టు వంకర తిరిగిపోయింది.

జనం చేరారు. వాళ్లు నన్ను ఏమైనా అనేలోపే ఆవిడే అంది, "ఆ పాపని ఏమీ అనబాకండి. తప్పు నాదే. కోలం పెద్దదిగా వేస్తా వేస్తా రోడ్డు మీదికి వచ్చేస్తిని."

నేను నోరు విప్పలేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. కట్టు కట్టారు. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆవిడే చెప్పింది కదా. నువ్వు బాధపడకు," అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

రోజూ క్యారియర్‌లో అన్నం, కూర పట్టుకెళ్లేదాన్ని. ఆమె కూతురు ఇందిరా నగర్ నుంచి వచ్చి వెళ్తుండేది. కూతురు ఉన్నప్పుడు నేను గడప దగ్గరే క్యారియర్ పెట్టి తిరిగి వచ్చేదాన్ని.

సంక్రాంతి పండగ నెల పెట్టాక ఒక రోజు అత్త అడిగింది, "వాకిలి బోసిగా ఉండాది పాపా. నేను చెప్తాను, నువ్వు వేస్తావా?"

ఆమె మెట్టు మీద కూర్చుంది. నేను చుక్కలు పెట్టుకుంటూ పోయాను. తొమ్మిది చుక్కల వరస. గీత కలపడం మొదలుపెట్టాక ఆమె రెండుసార్లు "ఆ చుక్క ఇడిచిపెట్టినావు" అంది. మూడోసారి ఏమీ అనలేదు. నేను తల ఎత్తేసరికి నన్నే చూస్తోంది.

"ఈ పక్క చుక్కలు నీకు కనపడటంలా," అంది.

పిండి చేతిలోనే ఉంది. "అవునత్తా," అన్నాను.

"ఎప్పటినించి?"

"మిమ్మల్ని గుద్దకముందు నుంచే. సైకిలు ఎక్కొద్దని డాక్టరు ముందే చెప్పింది. ఆ రోజు మీరు నాకు కనబడలేదు. తప్పు మీది కాదు."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో.

"నేనే దారిలో కూర్చుంటినని రోజూ నన్ను నేనే తిట్టుకుంటా ఉండా. నా కూతురు 'నీకు వయసయింది, ఇంక గేటు దాటబాక' అనింది. కోలం వద్దు, కూరగాయలకి పోవద్దు, ఏమీ వద్దు అనింది. నేను సరేనంటిని. నీకు అంతా తెలిసి ఊరకే ఉండావే," అంది. తర్వాత "పో పాపా. మిగతాది రేపు చూస్తాంలే," అంది.

ఆ సాయంత్రం మా ఆయనకు మొత్తం చెప్పాను. కంటి పరీక్ష కాగితం కూడా చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "ఇన్నాళ్లూ నీ పక్కనే ఉండి నేనేం చూస్తున్నాను?" అన్నాడు. మర్నాడు ఇద్దరం ఇందిరా నగర్ వెళ్లి ఆ కూతురితోనూ చెప్పాం. ఆమె తలుపు దగ్గరే నిలబడి వింది. "అమ్మని ఎన్ని మాటలంటిని," అని లోపలికి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆమె నాతో మాట్లాడదు. అది ఆమె హక్కు. అత్త కట్టు విప్పాక మళ్లీ వాకిట్లోకి వచ్చింది. పలకరిస్తే పలుకుతుంది. మునుపటిలా మా ఇంట్లోకి వచ్చి కాఫీ మాత్రం తాగదు.

సైకిళ్లు అమ్మేద్దామని ముత్తియాల్‌పేట షాపాయన దగ్గరికి తీసుకెళ్లి, నా కళ్ల సంగతి చెప్పాను. ఆయన తమిళంలో రెండే ప్రశ్నలు అడిగాడు. కాళ్లు బాగున్నాయా? మీ ఆయనకు సైకిలు వచ్చా? రెండు వారాల తర్వాత మగవాళ్ల సైకిలునూ ఆకుపచ్చదాన్నీ కోసి, అతికించి, ఒకే పొడవాటి బండిగా చేసి నిలబెట్టాడు. ముందు సీటు మా ఆయనది, వెనకది నాది. కోసినందుకు నాకు ఏడుపొచ్చింది. ఎక్కాక ఆ ఏడుపు కాస్త తగ్గింది.

ఇప్పుడు ఆదివారాలు బీచ్ రోడ్డుకు వెళ్తాం. గొలుసు శబ్దం విని ఎక్కడ వదులైందో నేను చెప్తాను, ఆయన వినడు. పాదాల కింద పెడలు తిరుగుతుంటే, గాలి ముఖానికి తగులుతుంటే, కాసేపు పాత సంతోషమే వస్తుంది. అంతలో ముందు ఎవరో పిల్లల్ని పిలుస్తారు, నేను తొక్కడం ఆపేస్తాను.

"దారికి అడ్డంగా ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాను.

"ఎవరూ లేరు. తొక్కు," అంటాడు.

ఆయన మాట నమ్మి తొక్కుతాను. నమ్మకానికి ఇంకా అలవాటు పడలేదు.