ఎడమ పక్క ఖాళీ జాగా

సార్ పోయారన్న కబురు నాకు ధర్మవరం స్టేషన్లో అందింది. హిందూపురం రైలు కోసం నిలబడి, ముందురోజు ఇంట్లో చేసిన చెక్కభజన పాట మిక్సింగు హెడ్‌ఫోన్లలో వింటున్నాను. ఆయనకు వినిపించాలనే తీసుకెళ్తున్నాను. మధ్యలో పాట ఆగి ఫోన్ మోగింది. సార్ భార్య.

"పాపా, యాడుండావు?"

"స్టేషన్లో ఉండానమ్మా. వస్తాండా."

"నిదానంగా రా తల్లీ. సార్ పొద్దున్నే పోయినాడు."

రైలొచ్చింది, ఎక్కాను. పెనుకొండ దాటేదాకా హెడ్‌ఫోన్లు తీయాలని కూడా తోచలేదు.

హిందూపురంలో పిండిమిల్లు మీద రెండు గదుల రికార్డింగ్ స్టూడియో ఆయనది. కింద మిల్లు తిరుగుతుంటే పైన టీ, మిల్లు ఆగితే పైన పాట. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలోనూ మూడు నెలలు నిలవని నేను అక్కడ మూడేళ్లు ఉన్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

మొదటిరోజు ఆయన నన్ను సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క ముక్క అడగలేదు. "మీ ఇంట్లో ఏం వినపడ్తాది?" అన్నారు. మగ్గాలు సార్ అన్నాను. "ఏ పక్క?" అన్నారు. పుట్టినప్పటి నుంచి వింటున్న మగ్గం ఏ పక్క నుంచి వినిపిస్తుందో నాకు తెలియదు. సాయంత్రం ఇంటికి వెళ్లి గడపలో కూర్చున్నాను. మాది కుడి వైపు, నెమ్మది. పక్కింటివాళ్లది ఎడమ, కాస్త తొందర. రెండింటి మధ్యా మా అవ్వ దగ్గు. మర్నాడు చెబితే సార్ నవ్వి, "అదే పాపా స్టీరియో అంటే. ఇంగ పనిలోకి రా" అన్నారు.

ఆయన ఎడమ చెవి పనిచేసేది కాదు. జాతర్లలో మైక్‌సెట్ నడిపే వయసులో పక్కనే టపాకాయ పేలి పోయిందట. సగం వినపడే మనిషి, ఏ చప్పుడు ఎడమన ఉండాలో ఏది కుడిన ఉండాలో ఎలా తేల్చేవారని మీరు అడగొచ్చు. దానికి ఆయన దగ్గర ఒక పాత ప్లగిన్ ఉండేది. ప్లగిన్ అంటే పాట సరిచేసే సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు. ఇది శబ్దాన్ని రెండు పక్కలకూ పరిచేది, పరిచినదాన్ని తెర మీద అర్ధచంద్రం ఆకారంలో పచ్చటి చుక్కలుగా చూపించేది. "ఎడమ చెవి పని కంటికి అప్పజెప్పినా" అనేవారు. అప్పటికీ నమ్మకం చాలకపోతే కుర్చీ వెనక్కి తిప్పుకుని, స్పీకర్లకు వీపు పెట్టి మళ్లీ వినేవారు. అలా కూర్చుంటే ఎడమ స్పీకరు ఆయన కుడిచెవి వైపుకు వచ్చేది.

పోయినేడు పెనుకొండ దగ్గరి ఊరి నుంచి చెక్కభజన బృందం వచ్చింది. చేతుల్లో చెక్కలు ఆడిస్తూ వరసగా నిలబడి పాడే పదకొండుమంది. వరసలో ఎడమన ఒకచోట మనిషి పట్టేంత జాగా వదిలారు. నేను మైకు సర్దుతూ, దగ్గరికి జరగండన్నా అన్నాను. ఎవరూ జరగలేదు.

"అది మా తమ్ముని జాగా పాపా" అన్నాడు వాళ్ల గురువు. "వాడు పోయినంక ఏడాది తిరిగేదాకా ఆడ ఎవరూ నిలబడరు. అది మా కట్టుబాటు."

సార్ రెండే మైకులతో వరసనంతా ఒకేసారి రికార్డు చేశారు. గది ఇరుకు. వింటే అందరూ ఒకరి మీద ఒకరు పడ్డట్టు వినిపించింది. తర్వాత వారమంతా ప్లగిన్‌తో ఆ వరసను విప్పుతూ కూర్చున్నారు. తెర కింద అంచున తెల్ల ప్లాస్టరు అంటించి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో పేర్లు రాశారు. ఒక్కచోట మాత్రం ఏమీ రాయలేదు. ఆ ఖాళీకి పైన, తెర మీద, చుక్కలు తగ్గి నల్లగా సందు కనిపించాలి. కనిపించింది కూడా. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుందనగా కంప్యూటర్ చచ్చిపోయింది.

పాటలు దక్కాయి. తెర పాతదే ఉంచి కొన్న కొత్త కంప్యూటర్లో ఆ ప్లగిన్ ఎక్కలేదు. చేసినవాళ్లు దాన్ని ఎప్పుడో ఆపేశారు. "ఇంకోటి వెతుకు పాపా" అన్నారు సార్.

వెతికాను. ఉచితంగా వచ్చేవి, కొన్నాళ్లు వాడి చూడనిచ్చేవి, నిమిషానికోసారి తనంతట తనే బుస్సుమనేవి. ఒకటి బాగా వెడల్పు చేసేది, బొమ్మ చూపించేది కాదు. ఒకటి బొమ్మ చూపించేది, పక్కవాళ్ల చెక్కల చప్పుడును సాగదీసి ఆ సందులో పోసేది. సార్ కుర్చీ తిప్పుకుని విని, తల అడ్డంగా ఊపేవారు. "వెడల్పు ఎవుడైనా చేస్తాడు. ఎవురి జాగాలో వాళ్లను నిలబెట్టల్ల."

ఈలోగా నేను బెంగళూరు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నాను. ఆయన అడిగినప్పుడల్లా చూస్తాండా సార్ అనేదాన్ని. సగం రోజులు చూడనే లేదు.

చివరిసారి కలిసినప్పుడు విసుక్కున్నాను. "సార్, దీన్ని అందరూ ఫోన్లో వింటారు. ఒకటే స్పీకర్. ఆ సందు ఎవరికి తెలుస్తాది?"

ఆయన కుర్చీ ఇటు తిప్పారు. "ఫోన్‌కు ఒకటే స్పీకరుంటే వాళ్ల తప్పు కాదు పాపా. మనం సందు ఇడ్సకపోతే మన తప్పు." తర్వాత చాయ్ తెప్పించారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆయనకు కోపం వస్తే బాగుండేది.

ఆయన పోయాక స్టూడియో తాళంచెవి సార్ భార్య నాకే ఇచ్చారు. ఉన్నవాటిలో నయమనిపించిన ప్లగిన్‌తో పాట పూర్తి చేశాను. మిల్లు ఆగిన ప్రతి గంటా దాని మీదే పెట్టాను. సార్‌లాగా కుర్చీ తిప్పుకుని కూడా విన్నాను. నాకు రెండు చెవులూ పనిచేస్తాయి. అయినా ఆయనకు వినపడింది నాకు వినపడలేదు. బాగుందనే అనుకుని భజన బృందం ఊరికి తీసుకెళ్లాను.

గురువు అరుగు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొదటి చరణానికి నవ్వాడు. "ఈడ నేను. ఈ పక్క మా మామ, చూడు, ఎప్పుడూ ఒక దెబ్బ ముందే కొడ్తాడు దొంగనాకొడుకు." రెండో చరణంలో చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. పాటంతా అయ్యాక హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి నా ఒళ్లో పెట్టాడు.

"బాగుండాది పాపా. కానీ మా తమ్ముని జాగాలో ఎవురో నిలబడినట్ల ఉండాది."

మళ్లీ చేసుకొస్తానన్నాను.

"వచ్చే నెలకు ఏడాది తిరుగుతాది. కొత్తోన్ని నిలబెడతాము. ఆపైన చేసినా మాకు ఒకటే." అరుగు దిగుతూ అడిగాడు, "సార్ మాదిరి సరిచేసేటోళ్లు ఇంగెవురన్నా ఉండారా?"

లేరన్నాను.

నిన్న మళ్లీ స్టూడియోకి వెళ్లాను. ఇంకో ప్లగిన్ వేశాను, ఇది ఎన్నోదో గుర్తు లేదు. పాట మొదలైంది. తెర అంచున ప్లాస్టరు మీద సార్ చేతిరాతలో పేర్లు, వాటి మధ్య బెత్తెడు తెలుపు. ఆ తెలుపుకు సరిగ్గా పైన పచ్చటి చుక్కలు ఒక్కొక్కటిగా వచ్చి గుమికూడుతున్నాయి.