కళ్లకద్దుకొని చదివిన పేజీ

మనిషికి తెలుసుకునే హక్కు ఉందని ఆ ఊళ్లో మొట్టమొదట చదివి వినిపించింది నేనే. ఆ హక్కు గొంతు పిసికిందీ నేనే. రెంటికీ మధ్య ఏడాది కూడా లేదు. ఇప్పుడెవరైనా "ఆ రోజుల్లో పల్లెల్లో ఎంత సేవ చేశారు సారూ" అంటే, నా మొహం మండ, లేచి అవతలికి పోతాను.

నైజాం పాలన పోయి కొన్నేళ్లయింది. ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. లక్సెట్టిపేట నుంచి గోదావరి దిక్కు నడిస్తే వచ్చే ఒక ఊళ్లో నేను బడిపంతుల్ని. నేను చదివిందంతా ఉర్దూలో, కొంచెం ఇంగ్లీషూ వచ్చు. తెలుగు చెప్పమన్నారు, చెప్పాను. ఉద్యోగం తాత్కాలికం. ఊరి పట్వారీ ఏటేటా పైవాళ్లతో "మంచోడే, ఉండనీయిండ్రి" అని ఒక మాట అంటేనే నిలిచేది. పట్వారీ అంటే ఊరి భూముల కాగితాలన్నీ తన పెట్టెలో పెట్టుకొని కూర్చున్న మనిషి. నేనుండేది ఆయన ఇంటి వెనక కొట్టంలో. సాయంత్రం ఆయన అరుగు మీదే పత్రికలు చదివి వినిపించేవాణ్ణి. దానికి రీడింగ్ రూమ్ అని పేరు. రూమూ లేదు పాడూ లేదు, ఒక బల్ల, ఒక గోడ, అంతే.

ఆ ఊళ్లో ఒక అలవాటు ఉండేది. చదువు రానివాళ్ల కోసం ఎవరైనా కాగితం చదవాలంటే, ముందు దాన్ని కళ్లకద్దుకోవాలి. ఉత్తరమైనా, కచేరీ నోటీసైనా సరే. అద్దుకున్నవాడు లేనిది చదవడని నమ్మకం. పాపం, ఎంత పిచ్చి జనమో! నాకు మాత్రం అది గొప్పగా ఉండేది. కాగితం పైకెత్తగానే అరుగంతా నిశ్శబ్దమైపోయేది.

ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ ఒకటి ఆ రోజుల్లో ఊరూరా హక్కుల ప్రచారం చేయిస్తుండేది. జిల్లా ఆఫీసు నుంచి నాకూ ఒక పెద్ద అచ్చు కాగితం వచ్చింది. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు ఉర్దూ. గోడకు అంటించి, అంగడి రోజున తెలుగులో చెప్పాను. అందరూ విన్నారు, బీడీలు ఆర్పుకొని వెళ్లిపోయారు. ఒక్క మనిషి కదల్లేదు. గడ్డిమోపు పక్కన పెట్టుకొని నిలబడ్డ ఒక విధవరాలు.

ఆమె మొగుడు పట్వారీ చేనునే కౌలుకు పద్దెనిమిదేళ్లు దున్నాడు. ఏళ్ల తరబడి దున్నిన కౌలుదారు పేరు రిజిస్టరులో ఎక్కితే ఇక వెళ్లగొట్టరాదని కొత్త చట్టం వచ్చింది. కౌలుదార్ల పేర్లు రాసుకునే విచారణ నాడు అతను పేరు చెప్పి, వేలిముద్ర వేసి వచ్చాడు. ఆ వానాకాలమే జ్వరంతో పోయాడు. దినాలు కాగానే పట్వారీ "నీ మొగని పేరు ఎక్కలే, యాసంగి పంట కాంగనే చేను ఇడిసిపెట్టు" అన్నాడట. రిజిస్టరు ఉర్దూలో ఉంది, ఆయన పెట్టెలో ఉంది.

"పంతులూ, అడిగే హక్కున్నదంటివి. నేను దొరనడగచ్చా?"

"అడగొచ్చు."

"అడిగితే చూపియ్యాలెనా?"

"చూపించాల్సిందే" అన్నాను. నాదేం పోయింది అనడానికి!

వారం రోజులు పొద్దుగూకేటప్పటికి వచ్చి, ఆ కాగితంలోని మాటలు నోటికి పట్టుకుంది. తర్వాత పోయి పట్వారీనడిగింది. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. అరుగు ముందు పదిమందిలో నిలబెట్టాడు.

"ఏదీ, ఏం హక్కులే నీకు? చెప్పు."

"అడిగే హక్కున్నది. ఎర్క చేసుకునే హక్కున్నది. నోరిప్పి చెప్పే హక్కున్నది."

"గట్టిగ. మల్ల చెప్పు."

మళ్లీ చెప్పింది. అరుగంతా పొట్టలు పట్టుకొని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే పట్వారీ నా వైపు చూస్తాడేమోనని దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఆ రోజు నుంచి ఆమె ఎప్పుడొచ్చినా అదే ఆట. మెట్‌పల్లి నుంచి చుట్టాలొస్తే పిలిపించి మరీ చెప్పించేవాడు. ఆమె నవ్వుల్ని లెక్కచేయలేదు. ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెప్పి, చివర "రిజిస్టరు చూపెట్టు దొరా" అనేది.

చలికాలంలో ఆ ప్రపంచ సంస్థ తరఫున ఒక తెల్లాయన కెమెరా మెడలో వేసుకొని రీడింగ్ రూములు చూడ్డానికి వచ్చాడు. వెంట జిల్లా అధికారి. కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఉర్దూ అక్షరం ముక్క రాదు. పట్వారీ తన సరదా కొద్దీ ఆమెనే ముందుకు పిలిచాడు. ఆమె తడబడకుండా చెప్పింది. అధికారి ఇంగ్లీషులోకి మార్చి చెప్పగానే తెల్లాయన ముఖం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం ఆగలేదు.

"చెప్పిన గద సారూ. ఇగ నా మొగని పేరు చూపెట్టుమనుండ్రి."

అతిథి ముందు ఏమనగలడు? అధికారి రిజిస్టరు తెమ్మన్నాడు. పట్వారీ ఒక్క మాట ఎదురు చెప్పకుండా తెచ్చాడు. ఆ తొందరేమిటో నాకప్పుడే అర్థం కావలసింది.

"మాస్టారూ, మీరు చదవండి" అన్నాడు అధికారి.

"పంతులు సదువుతడా? ఇగ నాకేం ఫికర్ లేదు" అంది ఆమె. అని, చేతులు జోడించి నా పక్కనే నిలబడింది.

రిజిస్టరు కళ్లకద్దుకున్నాను. నాలుగు పేజీలు తిప్పాను. ఉంది. అతని పేరు, తండ్రి పేరు, చేను పేరు, పక్కన నల్లటి వేలిముద్ర, దానికి అడ్డంగా బొటనవేలి మీది పాత కొడవలి గాటు గీత. అంత స్పష్టంగా మరే పేరూ లేదు.

"జర చూసి సదువు పంతులూ" అన్నాడు పట్వారీ, దస్తీతో మెడ తుడుచుకుంటూ. "వచ్చే ఏడు గూడ మనూర్లనే ఉండాలె గద నువ్వు."

అరచెయ్యి తీసుకెళ్లి ఆ పేరు మీద పెట్టాను.

"లేదు" అన్నాను.

"ఇంకోపారి చూడు పంతులూ" అంది ఆమె.

చూశాను. చూసి, రెండోసారీ "లేదు" అన్నాను. తెల్లాయన కెమెరా టక్కుమంది. అధికారి ఆయనతో ఇంగ్లీషులో అన్నది నాకు తెలిసింది. అడిగింది, చూపించాం, చదివి వినిపించాం, ఇక్కడ దాపరికం లేదు అన్నాడు. తెల్లాయన ఆమె చెయ్యి పట్టుకొని ఊపి అభినందించాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

యాసంగి కాగానే చేను పోయింది. అదే చేనులో కూలికి కలుపు తీసింది. పట్వారీ ఆట మానలేదు. హక్కులు చెప్పినాకే కూలి గింజలు కొలిపించేవాడు. చెప్పేది. కాకపోతే చివర "రిజిస్టరు చూపెట్టు" అనడం మానేసింది. పంతులు చదివాడు కదా, ఇంకేం చూడాలి?

ఏడాది తిరక్కముందే ఆ సంస్థ పత్రిక పోస్టులో వచ్చింది. నడి పేజీలో మా ఫోటో. సిగ్గు లేని మనిషిని, సంబరపడి ఆమెను నేనే పిలిచి చూపించాను.

"కింద ఏం రాసిండ్రు పంతులూ?"

"హక్కులు తెలిసిన పల్లె స్త్రీ అని రాశారు. ఆమె అడిగింది, వెంటనే కాగితం తెప్పించి నిజం చదివి వినిపించారు అని రాశారు."

ఆమె ఫోటో మీదికి వంగింది. తన ముఖం చూసుకోలేదు. నా చేతి దగ్గర వేలు పెట్టింది.

"సదివేటోడు కాగితం మీద గట్ల చెయ్యి కప్పుతడా పంతులూ?"

నేను పత్రిక మూయబోయాను. ఆమె వేలు తియ్యలేదు.

"నీ చెయ్యి పడకముందు నాకు గా బొటనేలు కనబడ్డది. కొడవలి గీత గూడ కనబడ్డది. పద్దెనిమిదేండ్లు గా చేతికి బువ్వ వెట్టిన, నాకెర్క లేదా?"

"మరి అప్పుడే ఎందుకనలేదు?" అన్నాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో!

"నువ్వు కండ్లకద్దుకున్నవ్ గద. నా కండ్లే తప్పు జూసినయనుకున్న."

పత్రిక మూసి నా ముందు పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గడ్డిమోపు నెత్తికెత్తుకొని, మెట్టు దిగి, వెనక్కి తిరిగింది.

"ఇగ ఎవ్వలకన్న సదివితే ఉట్టిగనే సదువు పంతులూ. కండ్లకద్దుకోకు."

ఆ తర్వాత వచ్చిన వేసవిలోనే, పట్వారీ మాట మీద, నా ఉద్యోగం పర్మనెంటు అయింది.