గాలి చొరని వ్యాన్

దర్జీకి గిట్టనిది ఒక్కటే, సందు. చొక్కా కుట్టులో గానీ, తలుపు కింద గానీ, సందు కనిపించిందా, ఇక ఆయనకి ముద్ద దిగదు. కూతురికి ఉబ్బసం వచ్చాక ఆ పిచ్చి మరీ ముదిరింది. దుమ్మూ దోమా చలిగాలీ సందుల్లోంచే కదా వచ్చేది!

అలాంటి మనిషి లాండ్రీవాళ్లు వదిలించుకున్న పాత వ్యాన్ కొన్నాడు. సెలవుల్లో భార్యా కూతురూ తానూ ముగ్గురూ అందులోనే తిరిగి, అందులోనే పడుకోవాలని. పెరటి కంచె విప్పి ఆ చెక్కలతో పడక కట్టాడు. ప్రతి పలకకీ అరంగుళం మడత వదిలి కోశాడు, గుడ్డకి వదిలినట్టే. పడక ఎక్కడా ఇమడలేదు. భార్య పడీ పడీ నవ్వింది. "నవ్వు నవ్వు, రేపు దీనిమీదే హాయిగా నిద్రపోతావు" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

మెకానిక్ వ్యాన్ పైకప్పుకి అరచేతంత కన్నం కోసి, జల్లెడ బిగించి, "లోపల స్టవ్ వెలిగిస్తే ఇది తెరిచి ఉండాలి సార్" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. దర్జీ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి, కప్పు లోపలివైపు వేసే దళసరి పూలగుడ్డని ఆ కన్నం మీదుగానే లాగి కుట్టేశాడు. భార్యకి మాటమాత్రం చెప్పలేదు.

మొదటి ప్రయాణం. చెరువు గట్టున ఆపారో లేదో వాన అందుకుంది. తలుపులన్నీ బిగించారు. భార్య స్టవ్ వెలిగించి పిల్లకి ఆవిరి పట్టింది, ఆ తర్వాత వంట మొదలెట్టింది. దర్జీ పైకి చూశాడు. చెప్పాలి. చెబితే పూలగుడ్డ కోయాలి, పైగా మాట పడాలి. 'వంట అయిపోవచ్చింది కదా' అనుకున్నాడు. అనుకున్నాడే గానీ కన్ను పైకప్పు మీదే ఉంది. ఒక చెవి వాన మీద, ఒక చెవి పిల్ల ఊపిరి మీద.

"నాన్నా, తల తిరుగుతోంది."

"నాకూ దిమ్ముగానే ఉందే. ప్రయాణం బడలికేమో" అంది తల్లి.

నీలంగా వెలగాల్సిన స్టవ్ మంట గాలి చాలక పసుపుపచ్చగా సాగుతోంది. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి.

"పడుకోకు తల్లీ! లే, లే!" దర్జీ స్టవ్ కట్టేసి తలుపు లాగాడు. రాలేదు. సందు లేకుండా తానే అంటించిన రబ్బరు పట్టీ తలుపుని కరుచుకుంది. భుజంతో ఒకటి, రెండు, మూడోసారి గుద్దితే తెరుచుకుంది. పిల్లని ఎత్తుకుని, భార్య రెక్క పట్టుకుని వానలోకి దూకాడు.

చెట్టు కింద పిల్ల నోటికి మందు గొట్టం పెట్టారు. ఊపిరి పిల్లనగ్రోవిలా కూసి, కూసి, చాలాసేపటికి సర్దుకుంది. దారినపోయే పాలవ్యాన్ ఆయన ఆస్పత్రికి తీసుకెళ్తానన్నాడు, బండి తిప్పుతున్నాడు.

భార్య కళ్లు తుడుచుకుంది. "మీరు కనిపెట్టబట్టి సరిపోయిందండీ. లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదో!"

ఆ మెప్పు ఆయన మింగలేకపోయాడు. తలదించుకుని అన్నాడు.

"పైన కన్నం ఉంది. మెకానిక్ పెట్టాడు. మూయొద్దనీ చెప్పాడు. నేనే మూసేశాను."

ఆమె ఆయన ఒళ్లో ఉన్న పిల్లని లాక్కుని తన ఒళ్లో పడుకోబెట్టుకుంది.