మిర్చి సంచిలో వచ్చిన పిల్లి

పిల్లిని ఇంటికి తెచ్చేటప్పుడు సంచిలో వేసి మూతి కట్టాలంటారు మా వైపు. దారి చూసిందంటే మళ్ళీ పాత ఇంటికే పోతుందట. అంతవరకు బాగానే ఉంది. మా ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, వాడరేవులో వాళ్ళ పిన్ని ఇచ్చిన పిల్లిని ఖాళీ మిర్చి సంచిలో వేసుకొచ్చారు. దాన్ని దులపనైనా దులపలేదు. బస్సు బస్సంతా తుమ్ముతూ వచ్చిందట.

వాకిట్లో మూతి విప్పగానే అది కళ్ళు మూసుకునే దూకింది. గోడకు కొట్టుకుంది, గాదె కింద దూరింది, అక్కణ్ణించి అటకెక్కింది. ఇక దిగితే ఒట్టు.

ఎనభైల మొదట్లో మాట. నల్లపాడు అవతల పల్లెకు నేను కాపురానికొచ్చి ఏడాది కాలేదు. ఆయన పొద్దున్నే పత్తి మిల్లుకు పోతే చీకటిపడ్డాకే రావడం. ఇంట్లో మిగిలేది అత్తగారూ నేనూ. ఆవిడ చెడ్డవారేం కాదు, నోరు తెరిస్తే పని మాటే, అంతే. నేనేమో పుట్టింట్లో పదిమంది మధ్య వాగుతూ పెరిగినదాన్ని. ఎలుకల పేరు చెప్పి పిల్లిని అడిగాను గానీ, నాకు కావలసింది పలకరించుకోవడానికి ఓ ప్రాణి.

అత్తగారికి మాత్రం నిజంగా ఎలుకల బాధే. పత్తి బోరాలు కొరికేస్తున్నాయి.

"మిరపకాయ మార్కెట్ యార్డుకెళ్ళేలోపు అది కిందికి దిగిందా, సరే. లేదంటే వచ్చిన సంచిలోనే వెనక్కి పంపిస్తా" అన్నారు.

ఇక నాకు కాలు నిలవలేదు. కల్లంలో కూర్చుని మిరపకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నా చెవి అటక మీదే. కాలు కాలిన పిల్లిలా తిరిగింది నేను, పిల్లి కాదు. మంచినీళ్ళని ఓసారి, మజ్జిగని ఓసారి ఇంట్లోకి పరిగెత్తి, నిచ్చెనెక్కి పాలగిన్నె చాచేదాన్ని. అది తుమ్మి, వెనక్కి వెనక్కి జరిగి మూలకు పోయేది. "పోవే, నీ పొగరూ నువ్వూ!" అని తిట్టి, కిందికి దిగాక ఏడ్చేదాన్ని.

"కోడలు పిల్లిని బుజ్జగిస్తుంది, అత్త మిరపకాయలు ఏరుతుంది. బాగుందమ్మా మా ఇల్లు" అని అత్తగారి దెప్పు.

సరిగ్గా యార్డుకు బండి మాట్లాడాక నేను బయట చేరాను. ఆ మూడు రోజులూ వెనక పంచలో చాప, విడిగా కంచం, చెంబు. బయట చేరిన ఆడది కల్లంలో అడుగుపెడితే కాయ రంగు పోతుందని నమ్మకం. నేను దేన్నీ తాకకూడదు, నన్నెవరూ తాకకూడదు. బండేమో వచ్చేస్తుంది, నాకు నిచ్చెన ఎక్కే వీల్లేదు. ఒళ్ళు మండిపోయి, కూర్చున్న చాప పుల్లలు పీకుతూ ఉన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం కాలికి మెత్తగా ఏదో తగిలింది. పిల్లి! ఊపిరి బిగబట్టాను. నా వేళ్ళకంటిన పెరుగన్నం వాసన చూసింది. తుమ్మలేదు. గరుకు నాలుకతో నాకింది. అప్పటికి వెలిగింది నా మట్టిబుర్రకు. ఇన్నాళ్ళూ పాలగిన్నెతో పాటు ఆ సంచి ఘాటునే దాని ముక్కు దగ్గర పెడుతున్నాను. కాయ ముట్టక ఇప్పుడు చేతులకు ఆ ఘాటు వదిలింది.

ఎవరూ తాకని రోజుల్లో అది వచ్చి నా ఒళ్ళో పడుకుంది. ఆపుకోలేక ఏడ్చాను.

రాత్రి అన్నం తెచ్చిన అత్తగారు చూడనే చూశారు. "దాన్ని ముట్టుకున్నావా? అది ఇల్లంతా తిరుగుతుందే!"

"నేను ముట్టుకోలేదు. అదే నన్ను ముట్టుకుంది" అన్నాను రోషంగా. మిరపకాయల సంగతీ చెప్పాను. ఆవిడ పైనుంచి కంచంలో అన్నం వేసి వెళ్ళిపోయారు.

తలస్నానం చేసి కల్లంలోకి వెళ్తే, అత్తగారు నా ముందునించి బుట్ట లాగేసుకున్నారు.

"నువ్వు ముట్టుకోకు. మిగిలింది నేను ఏరుకుంటా."

"ఎలుకల కోసమా అత్తయ్యా?"

"మరి దేనికనుకున్నావు?"

పిల్లి వచ్చిన సంచిలో కూడా కాయ తొక్కించి బండెక్కించేశారు. నా గుండె కుదుటపడింది.

బండి వెళ్ళాక అత్తగారు బావి దగ్గర కూర్చుని, చింతపండు పెట్టి చేతులు తోముకున్నారు. వాసన చూసుకుని మళ్ళీ తోమారు. నా ఒళ్ళో పిల్లి వంక చూశారు. తర్వాత తడి చేతులు రెండూ నా ముఖం దగ్గరికి తెచ్చారు.

"చూడమ్మాయ్, ఇంకా ఘాటు ఉందా?"