పూసల బోర్డు అందరికీ నచ్చింది

అది 2003. దర్శి పక్కన ఒక ఊళ్లో, బ్రిడ్జి స్కూల్లో నేను ఆయాని. బ్రిడ్జి స్కూలంటే, పొలం పనుల్లో పడి చదువు మానేసిన పిల్లల్ని కొన్నాళ్లు చేరదీసి, అక్షరాలు అందించి, వాళ్ల ఈడుకు తగ్గ క్లాసులో మళ్లీ కూర్చోబెట్టే బడి. పిల్లలకి వండి పెట్టడం, తలలు దువ్వడం, రాని పిల్లల ఇళ్లకెళ్లి బతిమాలి తీసుకురావడం నా పని. నేను చదివింది మూడో తరగతి. రాయమంటే చెయ్యి సాగదు గానీ, ఒకసారి చెవిన పడ్డ మాట మర్చిపోను.

ఆ ఏడు శ్రావణంలో మా బడికి ఒక కిట్ వచ్చింది. కిట్ అంటే సంచీడు బొమ్మల పుస్తకాలు, చదువు నేర్పే ఆటలు. వాటిని పిల్లల ఇళ్లకి తీసుకెళ్లి, ఇంటిల్లిపాదికీ చూపించి, ఏది బాగుందో ఏది బాలేదో కనుక్కోవాలి. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారని మా సూపర్‌వైజర్ మేడం గారు చెప్పారు.

"తిట్టినా సరే మస్తానమ్మా, ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు. నేను రాసుకుంటా" అన్నారు.

నేను ముందు కోటయ్య ఇంటికే వెళ్లాను. వాళ్ల అమ్మాయి అంకమ్మకి తొమ్మిదేళ్లు. ఎండాకాలమంతా మా దగ్గరే ఉండి, గుణింతాలు దాటి కథలు చదివే దాకా వచ్చింది. దసరా అయ్యాక దాన్ని ఊరి బడిలో నాలుగో తరగతిలో చేర్పించాలి. కానీ కిందటేడు కోటయ్య మిరప పంట బొబ్బర తెగులుకి పోయింది. ఈ ఏడు చూద్దామంటే వాన లేదు. పిల్లని ఏ పూట పనికి పంపేస్తాడో అని నా గుండె పీకుతూనే ఉండేది. పిల్ల చురుకు కళ్లారా చూస్తే ఆ ఇంట్లో మనసులు మారతాయనుకున్నాను.

నేను వెళ్లేసరికి అందరూ వసారాలోనే ఉన్నారు. కోటయ్య, అతని పెళ్లాం రమణ, ముసలి తల్లి, పండక్కి వచ్చిన బావమరిది శీను. చాప మీద అన్నీ పరిచాను.

ముసలామె చొక్కా తొడుక్కున్న ఎలుక బొమ్మ చూసి మూతి తిప్పింది. "ఎలక్కి చొక్కా ఏందే మస్తానమ్మా? నా మనవడికే లేదు."

పళ్ల బొమ్మల పుస్తకం రమణ చేత్తో కూడా ముట్టుకోలేదు. "వద్దక్కా. చూపిస్తే పిల్ల కొనమంటది."

కోటయ్య ఒక పుస్తకం తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. అందులో పత్తిచేలో నిలబడి రైతు నవ్వుతున్నాడు. "ఈయనది ఏ ఊరంట అక్కా? కనుక్కో, మనం కూడా పోయి అక్కడే కౌలుకి తీసుకుందాం" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం.

చివర్న పూసల బోర్డు తీశాను. చెక్క పలకకి సన్న సన్న బెజ్జాలు, వాటిల్లో కూర్చడానికి జొన్నగింజంత పూసలు. రంగు చూసి, పదేసి లెక్కన వరసగా పెట్టుకుంటూ పోవాలి. పిల్లలకి లెక్కా వస్తుంది, పెన్సిలు పట్టే వేళ్లకి పట్టూ వస్తుంది. కోటయ్య పట్టుకుంటే పూస జారి చాప కింద పడింది. రమణ వేళ్లు మిరపకాయల తొడిమలు తీసీ తీసీ కాయలు కాసి ఉన్నాయి, ఆమెకీ నిలవలేదు. ముసలామెకి బెజ్జమే కనపడలేదు.

అంకమ్మ కూర్చుంది. రెండు వేళ్లతో పూస ఎత్తడం, పెట్టడం, ఎత్తడం, పెట్టడం. ఒక్కటి జారలేదు. నోటితో లెక్క చెబుతూనే ఉంది. మేమందరం దాని వేళ్లే చూస్తున్నాం. బోర్డు నిండగానే కోటయ్య చప్పట్లు కొట్టాడు. "నా కూతురే!" అన్నాడు.

"చూశావా కోటయ్యా, ఇంత తెలివైన పిల్లని..." అని నేను ముగించే లోపలే శీను లేచి వచ్చాడు. అంకమ్మ చెయ్యి పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"ఏం బావా, ఇట్టాంటి వేళ్లు ఇంట్లో పెట్టుకుని డబ్బుల్లేవని ఏడుస్తన్నావా?"

శీను విత్తన పత్తి చేలకి కూలీల్ని తోలుకెళ్లే మేస్త్రి. అక్కడ క్రాసింగ్ అని ఒక పని ఉంటుంది. సాయంత్రం మొగ్గ ఒలిచి, లోపలి పుప్పొడి తీసెయ్యాలి. పొద్దున్నే వేరే పువ్వు తెచ్చి దానికి అద్దాలి. పెద్దవాళ్ల వేళ్లకి మొగ్గ నలిగిపోతుంది. అందుకని ఆడపిల్లల్ని, అందులోనూ చిన్నపిల్లల్ని ఏరుకుంటారు.

"శీనూ, అది దసరాకి నాలుగో తరగతి. చదువుకోనీరా" అన్నాను.

"చదువు యాడికి పోద్ది అక్కా? వేళ్లు పెద్దవైతే మాత్రం మళ్లీ చిన్నవి కావు."

కోటయ్య వైపు చూశాను. ఇందాకటి సంతోషం ఇంకా అతని మొహంలోనే ఉంది, కానీ చూపు వాకిలి అవతల బీడుపడ్డ పొలం మీదికి పోయింది. "ఒక్క పంట కారే కదక్కా" అన్నాడు. రమణ లేచింది. లోపలికెళ్లి పిల్ల గౌన్లు మడత పెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున మేడం గారిని వెంటబెట్టుకుని కోటయ్య ఇంటికి పరిగెత్తాను. ఆటో అప్పుడే కదులుతోంది. లోపల ఆడపిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఉన్నారు. మేడం గారు అడ్డంగా నిలబడి, "ఇంత చిన్నపిల్లని పనికి తీసుకెళ్లకూడదు, తెలుసా?" అని గట్టిగా అడిగారు.

"పనేంటండీ, మా అక్క కూతురు. మా ఇంటికి తీసుకెళ్తన్నా" అన్నాడు శీను. కోటయ్య అవునన్నాడు. మేడం గారు పక్కకి జరగాల్సి వచ్చింది.

అంకమ్మ తల బయటపెట్టి నన్ను పిలిచింది. "ఆయమ్మా, అక్కడ కూడా పూసలాటేనంట! మామ చెప్పాడు. నేనే ఫస్టొస్తా చూడు."

ఆ వారమే మేడం గారు ఫీడ్‌బ్యాక్ అడిగారు. ఎలుక మాట, పళ్ల మాట, రైతు మాట అన్నీ చెప్పాను.

"మరి పూసల బోర్డు?"

"అందరికీ నచ్చిందండీ" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పమన్నారుగా. ఆవిడ పెన్ను ఎత్తారు గానీ, చాలాసేపు కాగితం మీద పెట్టలేదు.

సంక్రాంతి వెళ్లాక అంకమ్మ వచ్చింది. మందు కొట్టిన చేలల్లో తిరిగి మోచేతుల దాకా పొక్కులు. బోర్డు ముందు పెడితే గబగబా నింపేసింది, ఒక్క లెక్క చెప్పకుండా. నింపి, "ఇంక పోనా ఆయమ్మా?" అంది. మరుసటి ఏడూ వెళ్లింది, ఆ మరుసటి ఏడూ వెళ్లింది. దాని వేళ్లు క్రాసింగుకి పనికిరానంత పెద్దవయ్యేసరికి, అది మా బడి ఈడు దాటిపోయింది.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. లేమి ఉన్న ఇంట్లో పిల్ల చురుకు గురించి చెబితే అది ముందు కూలి మేస్త్రి చెవినే పడుతుంది. అప్పట్నుంచి ఏ గడప ఎక్కినా, పిల్ల ఎదురుగానే, "మీ పిల్లవి మొద్దు చేతులమ్మా, ఏ పనికీ పనికిరాదు. కనీసం బడికన్నా పంపండి" అంటాను. కొంతమంది పంపారు. అట్టా వచ్చిన ఒక పిల్ల రెండేళ్లు చదివింది. ముత్యాల్లాంటి రాత. కానీ నేను దగ్గరికెళితే చాలు, చేతులు రెండూ ఒళ్లో దాచేసుకునేది.